పరభాషలో ప్రత్యయం ఎప్పుడు పలుకుతుంది? మన ప్రాంతపు భాషా బోధన చరిత్రలో కొన్ని పుటలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి గంట గురించి, ఆటస్థలం గురించి, ఉప్పూకారం అద్దుకుని తిన్న పచ్చిమామిడి ముక్కల గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈ బడిలో చదువుకుని, ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నాకు కాస్త తెలిసిన సంగతి ఒకటే: ఇంట్లో మాట్లాడని భాషను బడిలో నేర్చుకోవడం. దాని చరిత్రనే, మన చుట్టుపక్కల జరిగినంతవరకు, ఇక్కడ చెబుతాను.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. ఇంగ్లీషులో 'హీ', 'షీ', 'ఇట్' ముందుంటే క్రియకు చివర 'ఎస్' చేర్చాలి అన్న సూత్రం మనందరికీ కంఠతా వచ్చు. పరీక్షలో ఖాళీ ఇస్తే నింపుతాం. అదే పిల్లవాణ్ణి మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే 'హీ వర్క్ ఇన్ ది ఫీల్డ్' అంటాడు. సూత్రం తెలుసు, ఎస్ మాత్రం నోటికి రాదు. దీన్ని అశ్రద్ధ అని సరిపెట్టుకోవడం తేలిక. కానీ తెలివైన పిల్లలు, శ్రద్ధగల పిల్లలు కూడా తరం తర్వాత తరం అదే ఎస్‌ను వదిలేస్తున్నారంటే కారణం వేరే ఉండాలి.

కారణం మన తెలుగును చూస్తేనే తెలుస్తుంది. 'వచ్చాడు', 'వచ్చింది', 'వచ్చాను' అన్నప్పుడు ఎవరు వచ్చారో క్రియ చివరి అక్షరాలే చెబుతాయి. 'అతను', 'నేను' అనకపోయినా లోటు లేదు. ఆ చివరి ముక్క తీసేస్తే మాత్రం వాక్యం కూలిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని ముందున్న 'హీ' ఎప్పుడో చేసేసింది. చివరి ఎస్ కొత్తగా చెప్పేది ఏమీ లేదు. వినేవాడి మనసు అర్థాన్ని వెతుక్కుంటూ పోతుంది. అర్థం ముందే దొరికాక మిగిలిన చప్పుడును పట్టించుకోదు. నేను చెప్పదలచుకున్నదంతా ఇందులోనే ఉంది: పరభాషలో ఒక రూపం మనకు పట్టుబడాలంటే, అది లేకపోతే పని జరగని సందర్భం ఒకటి ఎదురుకావాలి. రెండు వందల ఏళ్లుగా మన ప్రాంతంలో తెలుగు నేర్చుకున్న దొరలకూ, ఇంగ్లీషూ హిందీ నేర్చుకున్న మనకూ ఇది సమానంగా వర్తించింది.

దొరలు తెలుగు నేర్చిన రోజులు

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపూరులో అచ్చయింది. 1816లో ఎ.డి. క్యాంబెల్ వ్యాకరణం మద్రాసులో వచ్చింది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన ముందుమాటలోనే తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలకు తోబుట్టువని నిరూపించే ప్రయత్నం ఉంది. ఎల్లిస్ తన వాదానికి ఆధారంగా తీసుకున్న దేశీయ పండితుల్లో 'ఆంధ్రదీపిక' నిఘంటుకారుడు మామిడి వెంకయ్య ఒకరు. ఆయన మచిలీపట్నం వర్తకుడు. మన పక్క ఊరివాడి మాట ద్రావిడ భాషల చరిత్రలో అంత ముఖ్యమైన చోట నిలిచిందన్న సంగతి పిల్లలకు చెప్పదగ్గది.

ఆ వ్యాకరణాలు విభక్తుల పట్టికలు, క్రియల పట్టికలు చక్కగా ఇచ్చాయి. కానీ పట్టికలో ఉన్న రూపం పనిలోకి దిగినప్పుడు కదా తెలిసేది! ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే. మనకు 'మేము', 'మనం' రెండు. ఒక రైతు కచేరీలో నిలబడి 'మేం శిస్తు కట్టేశామండి' అంటే కట్టింది రైతులు. 'మనం కట్టేశాం' అంటే ఎదురుగా కూర్చున్న దొర కూడా కట్టినట్టు! ఈ తేడాను పుస్తకంలో పదిసార్లు చదివినా రానిది, డబ్బు లెక్కలో ఒకసారి ఎదురైతే చాలు, మనసులో నాటుకుంటుంది.

ఇంకోటి చూడండి. 'కొట్టాడు' అంటే సాక్షి కళ్లారా చూసి చెబుతున్నాడు. 'కొట్టాడట' అంటే ఎవరో చెప్పగా విన్నాడు. చివర ఉన్నది ఒక్క 'ట'. ఇంగ్లీషువాడి చెవికి అది ఊతపదంలా వినిపించవచ్చు. కానీ న్యాయస్థానంలో ఆ ఒక్క అక్షరం మీద ఒక మనిషి జైలుకు వెళ్లడమా, ఇంటికి వెళ్లడమా అన్నది ఆధారపడుతుంది. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, 1820 నుంచి కడపలోనూ ఆ తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి వంటి చోట్లా రెవెన్యూ, న్యాయశాఖల కొలువుల్లో గడిపారు. వేమన పద్యాలను 1829లో అచ్చువేసి, 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిన ఆ మనిషి తెలుగు ఎందుకంత గట్టిదంటే, పండితులను దగ్గర పెట్టుకుని చదవడం ఒక కారణమైతే, రోజూ ఫిర్యాదులు వినక తప్పని ఉద్యోగం రెండో కారణమని నా నమ్మకం.

మనకు ఇంకా దగ్గరి కథ మచిలీపట్నంలోనే ఉంది. రాబర్ట్ నోబుల్ అక్కడ 1843లో ఇంగ్లీషు బడి పెట్టారు. అదే నోబుల్ కాలేజీ అయింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున అదే ఊళ్లో ఉన్న ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో తన తెలుగు వ్యాకరణం ప్రచురించారు. ఒక ఊళ్లో తెలుగు పిల్లలు ఇంగ్లీషు క్రియలు వల్లిస్తుంటే, అదే ఊళ్లో ఇంగ్లీషు మనిషి తెలుగు క్రియలు సర్దుతున్నాడన్నమాట. ఆర్డెన్ తన పుస్తకం పేరులోనే అది మెట్టుమెట్టుగా సాగే వ్యాకరణమని చెప్పుకున్నారు. బోలెడన్ని ఉదాహరణలు, అభ్యాసాలు చేర్చారు. పట్టిక ఒక్కటే చాలదు, వాక్యం కావాలి అన్న ఎరుక అప్పటికే వచ్చిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

యేట్స్ అడిగిన ప్రశ్న

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, 1906-07 ప్రాంతంలో, జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకోబోయారు. పుస్తకంలో 'వచ్చుచున్నాడు' అని ఉంది. వీధిలో అందరూ 'వస్తున్నాడు' అంటున్నారు. పుస్తకంలో 'చేసెను'. నోట 'చేశాడు'. మీరు మాట్లాడే భాషకూ బడిలో నేర్పే భాషకూ ఇంత తేడా ఎందుకని ఆయన విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగారు. అయ్యంగార్ ఆయనకు ఇద్దరి పేర్లు చెప్పారు: విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి. వాడుక భాషా ఉద్యమానికి అక్కడి నుంచి ఊపు వచ్చింది.

ఈ కథను మనం సాహిత్య చరిత్రగానే చదువుకుంటాం. భాష నేర్చుకునేవాడి వైపు నుంచి చూస్తే ఇది మరోలా కనిపిస్తుంది. యేట్స్‌ది పండితుడి ప్రశ్న కాదు. కొత్తగా నేర్చుకునేవాడి ప్రశ్న. పుస్తకంలో చదివిన రూపం బయట ఎక్కడా వినపడకపోతే దాన్ని దేనితో ముడిపెట్టుకోవాలి? మనకు ఇంట్లోనే అబ్బిన తెలుగు కాబట్టి 'వచ్చుచున్నాడు' చదివి 'వస్తున్నాడు' అని అర్థం చేసుకున్నాం. మధ్యలో ఒక తెర ఉందని కూడా మనకు అనిపించలేదు. ఆ తెర బయటివాడికి తగిలింది.

గిడుగువారిదీ నేర్చుకునేవాడి అనుభవమే. 1863 ఆగస్టు 29న పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, దగ్గరి కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణ గ్రంథం లేదు. అది ద్రావిడ భాషే కాదు, ముండా కుటుంబానికి చెందింది. కర్మగా ఉండాల్సిన నామవాచకాన్ని క్రియ తనలోనే కలిపేసుకోవడం దాని ప్రత్యేకత. తెలుగు వ్యాకరణాన్నో సంస్కృత వ్యాకరణాన్నో దాని మీద పరిస్తే ఏమీ తేలదు. సవరలు ఏ పనిలో ఉండి ఏ మాట అన్నారో వినడం, మళ్లీ అని చూపి సరిచూసుకోవడం ఒక్కటే దారి. దశాబ్దాల కృషి తర్వాత ఆయన సవర భాషా గ్రంథం 1931లో, సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవర పిల్లల కోసం వాచకాలు రాసి, బడులు నడిపారు. మనం ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన గొప్ప పరభాషా విద్యార్థి అని కూడా ఆ రోజు ఒక మాట చెబితే బాగుంటుంది.

మన తరగతి గదిలో

మా రోజుల్లో ఆరో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు మొదలయ్యేవి. అప్పటికి దేశంలో వాక్య నిర్మాణాల పద్ధతి నడుస్తోంది. 1958లో హైదరాబాదులో స్థాపించిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ వంటి సంస్థలు ఉపాధ్యాయులకు అందులో శిక్షణ ఇచ్చేవి. ఒక్కో వాక్య నిర్మాణాన్ని వరసగా పేర్చి, వస్తువులు చూపిస్తూ, అభినయిస్తూ చెప్పాలి. మాస్టారు తలుపు వైపు నడుస్తూ 'ఐ యామ్ వాకింగ్ టు ది డోర్' అనేవారు. మేమంతా కోరస్‌గా అనేవాళ్లం. పై తరగతుల్లో రెన్ అండ్ మార్టిన్ వచ్చేది.

ఆ పద్ధతిని తక్కువ చేయను. అంతకుముందు తర్జుమాతోనే సాగిన చదువుకు అది వస్తువునూ పనినీ తెచ్చి జోడించింది. కానీ ఒక్క లోటు ఉంది. మాస్టారు నడుస్తున్నారని నలభై మందికీ కళ్లముందు కనిపిస్తూనే ఉంది. ఆ వాక్యం చెప్పినా చెప్పకపోయినా మాకు తెలియనిది ఏదీ లేదు. రూపం ఉంది, సందర్భం ఉంది, అవసరం లేదు.

అవసరం అంటే ఏమిటో మన మామిడి తోటల్లో చూడవచ్చు. హిందీలో మనవాళ్లకు కొరకరాని కొయ్య 'నే' ప్రత్యయం. 'సీతా నే ఆమ్ ఖాయా', 'రామ్ నే రోటీ ఖాయీ'. తిన్నది సీతైతే క్రియ పుల్లింగంలో, తిన్నది రాముడైతే స్త్రీలింగంలో! క్రియ చివర ఎవరు చేశారో చెబుతుందని పుట్టినప్పటి నుంచి అలవాటైన మనకు, అది తిన్న వస్తువును బట్టి మారుతుందంటే మింగుడు పడదు. పైగా రొట్టెకు ఆడ లింగం ఏమిటి? దాని వెనక పట్టుకోవడానికి ఏ అర్థమూ లేదు. హిందీకి పాస్ మార్కు 20 చాలన్న వెసులుబాటుతో చాలామందిమి దాన్ని దాటేశాం.

కానీ వేసవిలో ఉత్తరాది వ్యాపారులు బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయల కోసం నూజివీడు, చింతలపూడి వైపు వచ్చినప్పుడు, బడిలో హిందీ సరిగా రాని కుర్రాళ్లే తూకం దగ్గర నిలబడి బేరం చేస్తారు. వాళ్ల మాటల్లో 'నే' వినపడదు. లింగాలు తారుమారవుతాయి. కానీ 'పైసా దియా' అన్నదానికీ 'పైసా దేంగే' అన్నదానికీ మధ్య ఒక్కసారి కూడా పొరపాటు రాదు. డబ్బు ఇచ్చేశాడా, ఇస్తానంటున్నాడా? ఆ క్రియారూపం మీద ఒక కుటుంబం ఏడాది కష్టం ఆధారపడి ఉంది. మరి దాన్ని ఎలా మరిచిపోతారు? ఒకే కుర్రాడు, ఒకే భాష. ఒక రూపం రెండు సీజన్లలో వచ్చింది. ఇంకొకటి పదేళ్లయినా రాలేదు. తేడా వాడి తెలివిలో లేదు, ఆ రూపాలు మోసే బరువులో ఉంది.

పరిశోధకులు చెప్పింది

ఈ సంగతిని పండితులు వేరే చోట్ల, వేరే దారుల్లో కనుక్కున్నారు. మద్రాసులో బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టు అని దానికి పేరు. అందులో వ్యాకరణ పాఠాలు లేవు. రైలు టైంటేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కితే వేళకు చేరతామో తేల్చమనడం, మ్యాపు చూసి దారి చెప్పమనడం వంటి పనులు ఇచ్చారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే వ్యాకరణం లోపల రూపుకడుతుందన్నది ఆయన వాదం. 1987లో ఆయన రాసిన పుస్తకం ద్వారా మన బడిపిల్లలతో చేసిన ప్రయోగం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది.

అమెరికాలో బిల్ వాన్‌పాటెన్ స్పానిష్ నేర్చుకునేవాళ్లను గమనించి, నేర్చుకునేవాడు మొదట మాటలలో అర్థాన్ని వెతుకుతాడని, 'నిన్న' అన్న మాట వినపడ్డాక భూతకాల ప్రత్యయాన్ని పట్టించుకోడని చెప్పారు. మరొకటి కూడా చూపించారు: నేర్చుకునేవాడు వాక్యంలో మొదట వచ్చిన నామవాచకాన్నే కర్త అనుకుంటాడు. 'పులిని మేక చూసింది' అన్న వాక్యంలో ఆ 'ని' చెవిన పడని విదేశీయుడు, చూసింది పులే అనుకుంటాడన్నమాట. 1993లో వాన్‌పాటెన్, తెరెసా కదియెర్నోతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక బృందానికి మామూలు పద్ధతిలో సూత్రం చెప్పి వాక్యాలు తయారు చేయించారు. రెండో బృందానికి, రూపాన్ని గమనిస్తే తప్ప అర్థం తేలని వాక్యాలు వినిపించి, అర్థం ఎంచుకోమన్నారు. మొదటి బృందం వాక్యాలు తయారు చేయడంలో మాత్రమే మెరుగైంది. రెండో బృందం అర్థం చేసుకోవడంలోనూ, తమకు ఎవరూ అభ్యాసం చేయించని వాక్య నిర్మాణంలోనూ మెరుగైంది.

దీన్ని చదివాక నేను ఏడో తరగతిలో మన ఊరి సరుకుతోనే పాఠాలు చేశాను. 'ది లారీ లెఫ్ట్ ఎట్ సిక్స్', 'ది లారీ లీవ్స్ ఎట్ సిక్స్'. నిన్న, రేపు అన్న మాటలేవీ ఇవ్వను. ఒక వాక్యం చదివి, కాయలు ఇంకా ఎక్కించవచ్చా, బండి తప్పిపోయిందా అని అడుగుతాను. 'బ్రింగ్ ది బాస్కెట్', 'బ్రింగ్ ది బాస్కెట్స్'. ఒక గంప తెస్తావా, ఉన్నవన్నీ తెస్తావా? పిల్లలు చివరి శబ్దం కోసం చెవులు రిక్కించేవారు. బహువచనం ఎస్ వాళ్లకు తొందరగా పట్టుబడింది. క్రియ చివరి ఎస్ మాత్రం రాలేదు. రాకపోవడమూ న్యాయమే. చప్పుడు ఒకటే, కానీ ఒకటి గంపలు మోస్తోంది, రెండోది ఏమీ మోయడం లేదు.

అందువల్ల ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. రూపాలన్నీ ఒక తూకం కావు. అర్థాన్ని మోసే రూపాలకు అవసరం కల్పించి నేర్పండి. బరువు లేనివాటిని, 'హీ వర్క్స్' లోని ఎస్, రొట్టె లింగం లాంటివాటిని, చదవగా చదవగా, వినగా వినగా రానివ్వండి. వాటి కోసం పిల్లల నోరు నొక్కవద్దు.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడ్డాక మన చింతలపూడి, నూజివీడు, బుట్టాయగూడెం, పోలవరం అన్నీ ఒకే జిల్లాలోకి వచ్చాయి. బుట్టాయగూడెం, పోలవరం వైపు ఇళ్లలో కోయ భాష మాట్లాడే పిల్లలు ఉన్నారు. అది తెలుగుకు దాయాది భాషే అయినా తెలుగు కాదు. ఆ పిల్లకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు మూడోది. సవర, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల పాఠాలు చెప్పే కార్యక్రమం ఉమ్మడి రాష్ట్రంలో 2000 తర్వాత మొదలైంది. గిడుగువారు వేసిన దారే అది. మరోవైపు ఇవాళ చిన్న తరగతుల నుంచే పాఠాలన్నీ ఇంగ్లీషులో చదువుతున్న పిల్లలు మన మండలంలోనే ఎందరో. మనకు ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. వాళ్లకు లెక్కలూ సైన్సూ కూడా అందులోనే. 'ఇఫ్' అన్నదానికీ 'వెన్' అన్నదానికీ తేడా పట్టుబడకపోతే వాళ్లకు పోయేది వ్యాకరణం మార్కు ఒక్కటే కాదు, లెక్కే అర్థం కాదు.

స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చేద్దామని సంఘంలో చర్చ జరుగుతోంది. గైడ్లూ, వ్యాకరణ పుస్తకాలూ పంచుదామని కొందరు అంటున్నారు. సూత్రాల పుస్తకాలకు మన బడిలో ఎప్పుడూ కొదవ లేదు. పిల్లలు తమంతట తాము చదువుకోగలిగిన చిన్న చిన్న తెలుగు, ఇంగ్లీషు, హిందీ కథల పుస్తకాలు ఒక అల్మారా నిండా కొనమని నా సూచన. దానితోపాటు, బెంగళూరులో, గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థులు నెలకు ఒక్క గంట ఫోన్లో పిల్లలకు దొరకాలి. ఉపన్యాసాలు వద్దు. అక్కడ రొట్టె ఎంత, బస్సు ఎప్పుడు వస్తుంది, వాన నిన్న పడిందా, ఇప్పుడు పడుతోందా, ఇవి పిల్లలే అడిగి తెలుసుకుని మర్నాడు తరగతిలో చెప్పాలి. తెలియని సంగతి అవతలివాడి దగ్గర ఉన్నప్పుడే కదా మాట చివరి అక్షరం దాకా వింటాం. మొదటి నెల గంట నాది. రెండో నెల నుంచి ఎవరెవరు ఇస్తారో ఉత్సవం రోజున సంఘం కార్యదర్శి దగ్గర పేర్లు రాయించండి.